డోరో లోయలో ఫెరైరమ్మ

ఆస్తి ఆడవాళ్ల చేతిలో నిలవదనే మాట మన ఇళ్లల్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. భర్త పోయిన ఇంట్లో పదో రోజైనా కాకముందే “లెక్కలు మేం చూసుకుంటాంలేమ్మా, నీకెందుకు శ్రమ” అంటూ వచ్చే పెద్దమనుషులు మనకి కొత్త కాదు. అలాంటివాళ్లకి చెప్పాలనిపించే కథ ఒకటుంది. పోర్చుగల్ దేశానికి చెందిన దోనా ఆంటోనియా అడిలైడ్ ఫెరైరా కథ.

పోర్చుగల్ ఉత్తరాన డోరో అనే నది పారుతుంది. దానికి రెండు వైపులా నిటారుగా కొండలు, పలకరాయి నేల. ఆ రాయిని పగలగొట్టి, గోడలు కట్టి, మెట్లు మెట్లుగా మడులు చేసి ద్రాక్ష వేస్తారు. ఆ పళ్ల సారాయానికి బ్రాందీ కలిపితే తయారయ్యేదే పోర్ట్ వైన్. పీపాల్లో నింపి, పడవల మీద సముద్రం దాకా దింపి, అక్కణ్ణించి ఇంగ్లండుకి పంపేవారు. సారా వ్యాపారం కదా అని మొహం తిప్పుకోకండి. ఆ లోయలో వేల కుటుంబాలకి అన్నం పెట్టింది ఆ తీగే.

ఆంటోనియా అక్కడే, రేగ్వా దగ్గర 1811లో పుట్టింది. 1834లో ఆమెను తండ్రి సోదరుడి కొడుక్కే ఇచ్చి చేశారు. మనకైతే వరస కుదరదు గానీ, అక్కడ కలిగిన కుటుంబాల్లో ఆస్తి చెదరకుండా చేసుకునే ఏర్పాటది. భర్త దర్జా మనిషి, ఖర్చు మనిషి. 1844లో అతను పోయేనాటికి ఆమెకు ముప్ఫై మూడేళ్లు. చేతిలో ఇద్దరు పిల్లలు, తలమీద తోటల భారం.

తోటల నిర్వహణలో టోరెస్ అనే ఆయన ఆమెకు అండగా నిలబడ్డాడు. నిర్ణయాలు మాత్రం ఆమెవే. ఏ కొండ మీద ఏ తోట కొనాలి, సరుకు ఎప్పుడు అమ్మాలి, ఎప్పుడు ఆపాలి అన్నీ తనే చూసుకుంది.

కూతుర్ని అడిగిన డ్యూక్

ఆస్తి ఉన్న వితంతువు మీద ఎంతమంది కన్ను పడుతుందో చెప్పాలా! 1850ల్లో దేశాన్ని ఏలుతున్న ప్రధాని, డ్యూక్ సల్దాన్యా, ఆమె కూతుర్ని తన కొడుక్కి చేసుకుంటానని కబురంపాడు. పిల్లకప్పటికి పదకొండు పన్నెండేళ్లు. ఆంటోనియా కుదరదంది. ప్రధానికే కాదంటే ఊరుకుంటారా? పిల్లని ఎత్తుకుపోవడానికి మనుషులు వచ్చారు. ఆమె కూతుర్ని తీసుకుని దేశం దాటి లండన్ చేరింది. అక్కడ ఉన్న కాలంలోనే టోరెస్‌ను పెళ్లి చేసుకుంది. తనకంటే తక్కువ హోదా మనిషని లోకం ఏమనుకున్నా, ఆ నిర్ణయమూ తనదే.

నాకు ఈ ఘట్టం అన్నిటికన్నా నచ్చింది. తోటలు పోతాయేమోనన్న భయంతో పిల్లని ఇచ్చేసి ఉంటే, ఆమె పలుకుబడికి తిరుగుండేది కాదేమో. కానీ ఆస్తి కోసం బిడ్డని బేరం పెట్టలేదు.

తీగలు ఎండిన రోజులు

1861 మే నెలలో మరో గండం. డోరో నదిలో వలేరా అనే చోట నీటి ఉరవడికి ఆమె ఎక్కిన పడవ తిరగబడింది. ఆ లోయని పటంగా గీసిన ఇంగ్లీషు వర్తకుడు ఫారెస్టర్ అందులోనే మునిగిపోయాడు. ఆంటోనియా బతికింది. గుండ్రంగా విచ్చుకున్న గౌను ఆమెను నీటిమీద తేల్చిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. అమెరికా నుంచి యూరప్‌కి చేరిన ఫిలోక్సెరా అనే చిన్న పురుగు 1860ల నుంచి ద్రాక్ష వేళ్లని తినేయడం మొదలెట్టింది. కొండలకి కొండలే ఎండిపోయాయి. ఎందరో తోటలు వదిలేసి వెళ్లిపోయారు. చివరికి అమెరికా ద్రాక్ష మొక్క వేళ్లకి ఆ పురుగుని తట్టుకునే శక్తి ఉందని తేలి, వాటి మీద యూరప్ తీగని అంటుకట్టడం నేర్చుకున్నారు.

దానికి ముందు, 1860ల చివర్లో సరుకు ఎక్కువై ధర పడిపోయినప్పుడు, ఆంటోనియా రైతుల దగ్గర ఆ వైన్‌ని పెద్ద ఎత్తున కొని నిలవబెట్టింది. తర్వాత తోటలు పాడై సరుకు కరువైనప్పుడు మంచి ధరకి అమ్మింది. దయా, వ్యాపారమా అంటే రెండూనని నాకనిపిస్తుంది. లాభం ఆమెకొచ్చింది నిజమే, కానీ ఆ పడిపోయిన రోజుల్లో సరుకు కొన్నవాళ్లుంటేనే కదా రైతింట పొయ్యి వెలిగేది! వచ్చిన డబ్బుతో పాడుపడ్డ తోటలు కొని తిరిగి నాటించింది. రోడ్లకి, ఆస్పత్రులకి సాయం చేసింది. 1877లో, అరవై దాటిన వయసులో, స్పెయిన్ సరిహద్దు దాపుల ఎవరూ సాగు చేయని మూడు వందల హెక్టార్ల బీడుని కొని తోట వేయించింది. పండ్లు ఇవ్వడానికి ఏళ్లు పట్టే పంటని ఆ వయసులో మొదలెట్టడానికి ఎంత గుండె కావాలి!

1896 మార్చిలో, ఎనభై నాలుగో ఏట ఆమె కన్నుమూసేనాటికి ఇరవైకి పైగా తోటలున్నాయి. ఆ కుటుంబం కంపెనీ 1987లో వేరేవాళ్ల చేతికి పోయింది గానీ, ‘ఫెరైరా’ పేరు సీసాల మీద ఇప్పటికీ ఉంది. అక్కడి జనం ఆమెను ‘ఫెరైరిన్హా’ అని ముద్దుగా పిలుచుకుంటారు. మన ఊళ్లో అయితే ‘ఫెరైరమ్మ’ అనేవాళ్లేమో!

వారసత్వం అంటే కాగితం మీద పేరు ఎక్కడమొక్కటే కాదు. చెల్లించే రసీదులో ఏముందో, అమ్మే సరుకు ధరెంతో మన కంటితో చూసుకోవడం కూడా. మీ ఇంట్లో పొలం పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం ఎక్కడుంటాయో, వాటిలో ఏం రాసి ఉందో మీకు తెలుసా? తెలియకపోతే ఈ ఆదివారం అడిగి చూడండి. “నీకెందుకమ్మా” అంటే, ఫెరైరమ్మ కథ చెప్పండి.