వంతెనకు రెక్క గోడలు

వంతెన అనగానే మన కళ్ళకు కనిపించేవి స్తంభాలు, పైన స్లాబు. రెండు చివర్లా మట్టిని పట్టి వుంచే గోడల సంగతి ఎవరికీ పట్టదు. మా వూరి వాగు వరదలో వంతెన చెక్కు చెదరలేదు గాని, దానిని రోడ్డుకు కలిపే మట్టికట్ట కొట్టుకుపోయింది. పంటంతా అవతల, మేం యివతల! నేను చదివేది బి.ఎస్సీ. అయినా ఈ గోడల గురించి తెలుసుకోవాలనిపించింది అందుకే.

వంతెన చివర స్లాబు బరువు మోసే గోడను అబట్‌మెంటు అంటారు. దాని వెనుక రోడ్డు కోసం మట్టి పోస్తారు. మట్టి నిట్టనిలువుగా నిలబడదని పొలంగట్టు వేసిన ప్రతివాడికీ తెలుసు. కట్ట ఎత్తు 5 మీటర్లు, వాలు ఒకటికి ఒకటిన్నర అనుకుందాం. రోడ్డు అంచు నుంచి 7.5 మీటర్ల దాకా మట్టి పాకుతుంది. అడ్డు లేకపోతే అలాగే ముందుకూ జారి వాగు దారిని మూస్తుంది. ఆ అడ్డే రెక్క గోడ.

తొలి నక్షాలోనే ఈ గోడ ఎటు తిరగాలో తేల్చుకోవాలి. సుమారు 45 డిగ్రీలు విచ్చుకున్న గోడ నీటిని ఒద్దికగా లోపలికి మళ్ళిస్తుంది. వాలుతో పాటు ఎత్తు తగ్గుతూ పోతుంది కనుక ఖర్చూ తక్కువే. రోడ్డు వెంట వెనక్కు మళ్ళే రిటర్న్ వాల్ చాలా దూరం పూర్తి ఎత్తున వుండాలి. ఖర్చెక్కువ, కాని అది వున్నంత మేర పక్క పొలంలోకి మట్టి రాదు. “గోడ డబ్బు సర్కారుది, పొలం మనదిరా” అన్నాడు మా నాన్న. నాకూ అదే న్యాయమనిపిస్తుంది. ఏ గోడైనా పునాది మాత్రం వరద కోత లోతుకు దిగువన వుండాలి.

ఇక మట్టి తోపుడు. 1857లో రాంకిన్ చెప్పిన లెక్క ప్రకారం అది ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఘనపు మీటరు 1.8 టన్నులుండే ఇసుక మట్టి అయితే 5 మీటర్ల గోడ మీద, మీటరు పొడవుకు సుమారు 7.5 టన్నులు. 6 మీటర్లయితే 10.8. అదే మట్టి వెనుక నీరు నిండా నిలిస్తే 5 మీటర్ల గోడ మీదే 16 టన్నులు దాటుతుంది! అందుకే మీటరుకు మించని ఎడంతో నీరు కారే రంధ్రాలు వదిలి, గోడ వెనుక 600 మిల్లీమీటర్ల మందాన రాళ్ళూ కంకరా పేరుస్తారు. రాళ్ళు లేకుండా వట్టి రంధ్రాలు పెడితే బంకమట్టి వాటిని పూడ్చేస్తుంది.