వార్తల్లో పదం: డిఫై

ఎమ్మెల్యే పార్టీ విప్‌ను ధిక్కరించారని మనం రాస్తే, ఇంగ్లిష్ పత్రికలు 'డిఫై' చేశారంటాయి. అధికారాన్ని బాహాటంగా ఎదిరించడమని అర్థం. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన ఈ క్రియకు మూలం లాటిన్‌లో విశ్వాసాన్ని తెలిపే మాట. మధ్యయుగ ఐరోపాలో సామంతుడు మోకరిల్లి, జోడించిన చేతులను ప్రభువు చేతుల్లో ఉంచి విధేయత ప్రకటించేవాడు. ప్రభువు అన్యాయం చేస్తే ఆ ప్రమాణాన్ని బహిరంగంగా తెంచుకోవడమే తొలినాళ్ల డిఫై. చెప్పకుండా కత్తి దూస్తే అది ద్రోహం. ఈ తేడా చాలా విలువైనదని నా అభిప్రాయం. 1215 మేలో ఇంగ్లండ్ తిరుగుబాటు సామంతులైన బారన్లు జాన్ రాజుకిచ్చిన మాటను అలాగే వెనక్కి తీసుకున్నారు. ఆ నెలలోనే లండన్ వాళ్ల వశమైంది. జూన్‌లో రన్నీమీడ్ మైదానంలో రాజు తన అధికారానికి హద్దులు పెట్టే మాగ్నా కార్టా పత్రానికి ఒప్పుకోక తప్పలేదు.