రామతీర్థంలో ఎన్ని అక్షరాలు?

మాది రామతీర్థం. విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా వస్తే మా ఊరు. ఊళ్లో రాములవారి కోవెల, పక్కన బోధికొండ, గురుభక్తులకొండ, వాటిమీద బౌద్ధుల నాటివీ జైనుల నాటివీ శిథిలాలు - ఇదీ మా ఊరి ఆస్తి. ఇటువంటి ఊళ్లో పుట్టి, తెలుగులో ఎం.ఏ. చదివి, కాలేజీలో ఛందస్సు చెప్పుకునే నాకు కంప్యూటరు ప్రోగ్రాములతో పనేమిటని మీరడగవచ్చు. మా అమ్మ అడగనే అడిగింది: "ఏట్రా బాబూ, నలభై దాటేక నీకు పరీక్షలేటి?"

ఆ పని పెట్టింది మా క్లాసులోని ఒక అమ్మాయి. "మాస్టారూ, తెలుగు చదివినవాళ్లకు ప్రోగ్రాములు రాయడం వస్తుందా?" అని అడిగింది. "అది మన దారి కాదమ్మా" అనేశాను. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని కూర్చున్నది. ఇంటికి వచ్చాక ఆ మాట నన్నే గుచ్చింది. నేను ఒక్క అడుగైనా వేయని దారి గురించి తీర్పు చెప్పడానికి నేనెవణ్ణి?

ఐ.ఐ.టి.లూ, బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సూ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్. అనే పథకం ఒకటున్నది. ఆ పాఠాలను కేంద్రప్రభుత్వం 2017లో ప్రారంభించిన 'స్వయం' ద్వారా ఎవరైనా ఇంట్లో కూర్చుని ఉచితంగా వినవచ్చు. సర్టిఫికెట్టు కావాలంటే మాత్రం రుసుము కట్టి, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. వారం వారం చేసే అభ్యాసాలకు 25 మార్కులు, పరీక్షకు 75. రోపర్ ఐ.ఐ.టి. వారి పైథాన్ పాఠాల్లో చేరాను. మొత్తం 12 వారాలు. పైథాన్ అంటే కొండచిలువ అనుకునేరు! గీడో వాన్ రోసమ్ అనే డచ్చి ఆయన 1991లో లోకానికిచ్చిన ప్రోగ్రాము భాష అది.

మొదటి వారమే పరాభవం. ఒకచోట రెండు చుక్కలు పెట్టడం మరిచాను. మరొకచోట పంక్తిని నాలుగు ఖాళీలు లోపలికి జరపలేదు. యంత్రం ససేమిరా అన్నది. దానికి మన భావం అక్కరలేదు, రాసినదే ప్రమాణం. ఒత్తు తప్పిందని పిల్లల మార్కులు కోసిన చెయ్యి నాది. ఇప్పుడు నా మార్కులు పోతుంటే ఆ బాధ తెలిసింది.

మాటల్లో అక్షరాలు లెక్కపెట్టే పాఠం వచ్చింది. సరదాకు మా ఊరిపేరు ఇచ్చాను. రా, మ, తీ, ర్థం - నాలుగని ఒకటో తరగతి పిల్లవాడైనా చెబుతాడు. యంత్రం తొమ్మిదన్నది!

ఆరా తీస్తే సంగతి తెలిసింది. యూనికోడ్ అనే పద్ధతిలో ప్రతి లిపిగుర్తుకూ ఒక సంఖ్య ఉన్నది. మన తెలుగుకు 3072 మొదలు 3199 దాకా స్థానాలు కేటాయించారు, 'ర'కు 3120. అందులో దీర్ఘం వేరే గుర్తు, గుడి వేరే గుర్తు, పొల్లు వేరే గుర్తు, సున్న వేరే గుర్తు. అలా లెక్కిస్తే తొమ్మిదే. పాపం, యంత్రం అబద్ధమాడలేదు. తెలుగువాడికి అక్షరమంటే ఏమిటో దానికెవరూ చెప్పలేదు, అంతే.

చెప్పడానికి కూర్చున్నాను. హల్లో అచ్చో వస్తే ఒకటి కలుపు, దాని ముందు పొల్లు ఉంటే మాత్రం కలపకు - ఇదీ నా సూత్రం. మూడు రాత్రులు పట్టింది. నాలుగో నాటికి నాలుగు అన్నది! ఆ ఊపులో మూడక్షరాల గణాల ప్రస్తారం కూడా వేయించాను. గురువు లఘువులు రెండే కనుక 2, 4, 8. మ, య, ర, స, త, జ, భ, న - ఎనిమిదీ వరుసగా పడ్డాయి. పింగళుడే కంప్యూటరు కనిపెట్టాడని నేననను. కాని, ఒక సూత్రాన్ని తు.చ. తప్పకుండా మళ్లీ మళ్లీ నడిపించడం మనం ఛందస్సులో ఏనాడో చేసిన పనే.

ఈ వైభవమంతా క్లాసులో ప్రదర్శించాను. వెనక బెంచీ నుంచి ఆ అమ్మాయే లేచింది.

"మాస్టారూ, 'పొలమున్' అని ఇవ్వండి."

ఇచ్చాను. నాలుగన్నది. క్లాసంతా నవ్వింది. పొ, ల, మున్ - మూడే కదా! చివరి పొల్లు హల్లు ముందరి అక్షరంలో చేరుతుందని ఏళ్ల తరబడి నేనే పాఠం చెప్పి, యంత్రానికి చెప్పడం మరిచాను. ఆ పొరపాటు పట్టడానికి ఇంగ్లీషు చదువు అక్కరలేకపోయింది, తెలుగు చదువే కావలసివచ్చింది.

"మాట చివర పొల్లున్న హల్లును కూడా లెక్కపెట్టవద్దని రాస్తే సరిపోదా, మాస్టారూ?" అన్నది.

సరిపోయింది. ఆ పంక్తి ఆమె చెప్పగా నేను రాసినదే.

నా పరీక్ష వచ్చేనెల. గట్టెక్కుతానో లేదో రాములవారికెరుక. "అది మన దారి కాదమ్మా" అన్న మాటను మాత్రం ఆ రోజే, అందరి ఎదుటా, ఆమెతో చెప్పి వెనక్కి తీసుకున్నాను.