అల్లరి ఉన్న ఇల్లు

సంగటి నేలపాలు, గోడనిండా బొగ్గు గీతలు, చంటిది నిద్రపోదు. తల్లులు మాతో చెప్పుకునే కష్టాలివి. 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం మొదలైనప్పుడు క్షయను నయంచేసే మందు లేదు; విశ్రాంతి, మంచి గాలి, తిండే వైద్యం. అక్కడ చేరిన తల్లికి ఈ అల్లరి నెలల తరబడి దూరం.

రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆ రోజు సంతోషపెట్టిన ఒక్క చిన్న సంగతి చెప్పుకోండి. పిల్లలు టక్కున చెప్తారు, సిగ్గంతా మన పెద్దవాళ్ళకే! అమెరికాలో ఎమన్స్, మెక్‌కలో 2003లో ప్రచురించిన పరిశీలనలో, వారం వారం ఇలా రాసుకున్నవారు తమ జీవితం మెరుగ్గా ఉందన్నారు.

అయితే కాన్పయ్యి రెండు వారాలు దాటినా తల్లికి దిగులు, ఏడుపు తగ్గకపోతే అది కృతజ్ఞత లేకపోవడం కాదు, జబ్బు. చికిత్స ఉంది. ఆమెను దెప్పకండి, బిడ్డతో సహా డాక్టరు దగ్గరికి తీసుకురండి.