పిడుగు పడిన మనిషిని ముట్టుకోవచ్చా?

వేసవి వానలు మొదలైతే మన గోవాడ, చోడవరం పొలాల్లో పిడుగుల భయం మొదలైనట్టే. పిడుగు దెబ్బ తిన్నవారిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు, పడిన వెంటనే ఏం చేశారని మేము అడుగుతాము. "ఒంట్లో కరెంటు ఉంటుందని ఎవరూ ముట్టుకోలేదమ్మా" అంటారు. ఆ కరెంటు ఒంట్లో ఉండదు. ఎందుకు ఉండదో మీ ఇంట్లోనే చూడవచ్చు.

ప్లాస్టిక్ దువ్వెనతో నూనె లేని పొడి జుట్టు దువ్వి, చిన్న కాగితం ముక్కల దగ్గర పెట్టండి. ముక్కలు ఎగిరి అంటుకుంటాయి. రాపిడి వల్ల జుట్టు నుంచి దువ్వెనకు విద్యుత్తు చేరింది. ప్లాస్టిక్‌లో అది కదలలేదు కాబట్టి చేరిన చోటే నిలిచిపోతుంది. దీన్నే స్థిర విద్యుత్తు అంటారు. అదే పని చేత్తో పట్టుకున్న స్టీలు గరిటెతో చేస్తే ఒక్క ముక్కా కదలదు. లోహంలో విద్యుత్తు నిలవదు. గరిటె నుంచి చేతికి, ఒంటికి, అక్కడినుంచి నేలకు పోతుంది. మన శరీరం లోపలంతా ఉప్పునీరే కనుక మనమూ గరిటె జాతివాళ్ళమే, దువ్వెన జాతివాళ్ళం కాము.

నూలు బట్ట మధ్యరకం. తేమ పీల్చుకుంటుంది కనుక విద్యుత్తును మెల్లగా వదిలేస్తుంది. నైలాను అంత సులువుగా వదలదు. మత్తుకు ఈథర్ వాడిన రోజుల్లో ఆపరేషన్ థియేటర్‌లోకి నైలాను బట్టలతో రాకూడదన్న కట్టడి అందుకే ఉండేది. ఒక్క చిన్న నిప్పురవ్వకే ఈథర్ ఆవిరి అంటుకుంటుంది.

మబ్బులో మంచు పలుకులు, వడగళ్ళు ఒకదానికొకటి తగిలినప్పుడు ఈ దువ్వెన పనే పెద్ద ఎత్తున జరుగుతుంది. గాలి విద్యుత్తును సాగనివ్వదు కాబట్టి అది పోగుపడి, చివరికి గాలినే చీల్చుకొని దిగుతుంది. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. అంత ఎత్తునుంచి గాలిని చీల్చుకొని వచ్చినదానికి రబ్బరు చెప్పులు ఏం అడ్డం? చెట్టు కిందికి పోవడం మరీ ప్రమాదం. చెట్టు మానుకన్నా మనిషి ఒళ్ళు సులువైన దారి కనుక, చెట్టు మీద పడినది పక్కవారి మీదికి దూకుతుంది. పక్కా ఇల్లు మేలు. బస్సు, కారు అద్దాలు మూసుకొని కూర్చున్నా క్షేమమే. అది టైర్ల గొప్ప కాదు, రేకుది. విద్యుత్తు రేకు బయటివైపు నుంచే నేలకు దిగిపోతుంది.

ఇక పడిపోయిన మనిషి సంగతి. పిడుగు ఒంటిమీదుగా పోయేది రెప్పపాటు కన్నా తక్కువ సేపు. అది పోయాక ముట్టుకున్నవారికి ఏమీ కాదు. (తెగిపడిన కరెంటు తీగ విషయం వేరు. అక్కడ సరఫరా ఆపేదాకా ముట్టుకోకూడదు.) కొన్నిచోట్ల ఒంట్లోని కరెంటును నేల లాగేస్తుందని మనిషిని పేడలోనో మట్టిలోనో పూడ్చి పెడతారు. లాగడానికి లోపల ఏమీ లేదు, ప్రాణం నిలిపే నిమిషాలు మాత్రం పోతాయి.

పిడుగుకు గుండె ఆగినా చాలాసార్లు తనంతట తానే మళ్ళీ కొట్టుకుంటుంది. ఊపిరి అంత త్వరగా రాదు. ఊపిరి అందక ఆ గుండె రెండోసారి ఆగుతుంది. అందుకే నలుగురు పడిపోతే మూలిగేవారి దగ్గరికి కాదు, కదలనివారి దగ్గరికి ముందు వెళ్ళండి. ఇంకా ఉరుముతుంటే భద్రమైన చోటికి చేర్చి, ఒకరు 108కి ఫోను చేయాలి. ఊపిరి లేకపోతే రొమ్ము మధ్య రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి పెట్టి, రెండు అంగుళాలు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కండి. ముప్పై నొక్కులకు ఒకసారి ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి రెండు ఊపిరులు ఊదండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకండి, అలిసిపోతే చెయ్యి మార్చుకోండి.

లేచి కూర్చుని బాగానే ఉన్నానన్నవారినీ ఆసుపత్రికి తీసుకురండి. గుండెకు ఇ.సి.జి. తీయాలి, చెవిలో పొర చిరిగిందేమో చూడాలి. కంటిలో శుక్లం కొన్ని వారాలకో నెలలకో కూడా రావచ్చు కనుక, చూపు మసకబారితే మళ్ళీ రావాలి.