మాట్లాడే కరెంటు తీగ

తీగ ఒక్కటే. అందులో కరెంటూ వెళ్తుంది, కబురూ వెళ్తుంది!

అనకాపల్లి జిల్లా పరవాడ దగ్గరున్న ఎన్టీపీసీ సింహాద్రి కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగున్నాయి. ఇలాంటి కేంద్రాల కరెంటును మోసే భారీ లైన్ల సబ్‌స్టేషన్లలో, చాలాచోట్ల పెద్ద పీపాలాంటి తీగచుట్ట కనిపిస్తుంది. దాని పేరు వేవ్‌ట్రాప్‌. సెకనుకు 50 సార్లు ఊగే కరెంటును అది దర్జాగా పోనిస్తుంది. అంతకన్నా వేలరెట్లు వేగంగా ఊగే కబురును మాత్రం సబ్‌స్టేషన్‌ యంత్రాల్లోకి వెళ్లి చెదిరిపోకుండా ఆపుతుంది.

ఏమిటా కబురు? లైను మీద పిడుగు పడిందనుకోండి. ఈ చివరనున్న రిలే ఆ చివరకు ‘నువ్వూ ఆపెయ్‌’ అని రెప్పపాటులో చెప్పాలి. మాట అందకపోతే ప్రమాదం. పిడుగు చప్పుడునే మాట అనుకుంటే ఉత్తపుణ్యానికి ఊళ్లకు ఊళ్లు చీకటి!

ఇప్పుడు ఈ పనిని చాలాచోట్ల ఫైబర్‌ తీగలు అందుకున్నాయి. కరెంటు తీగ కబుర్లు మాత్రం ఇళ్లదాకా వచ్చేశాయి. ఇటలీలో ఎనెల్‌ సంస్థ 2001లో మొదలుపెట్టి, దాదాపు 3 కోట్ల మీటర్ల రీడింగును ఇలాగే తెప్పించుకుంది.

అయితే ఇంటి తీగ మహా గడుసుది. కాలువకు నీళ్లు వదిలితే పిల్లకాలువల్లోకి చీలిపోతాయి. మూసిన తూముకు తగిలిన అల వెనక్కొస్తుంది. సంకేతమూ అంతే. వైరు చీలిన ప్రతిచోటా అదీ చీలుతుంది, ఖాళీ సాకెట్‌ దాకా వెళ్లి తిరిగొస్తుంది. దాంతో ఒకే మాట వెనకాముందుగా నాలుగైదుసార్లు వినిపిస్తుంది. కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర ఆ ప్రతిధ్వనులు ఒకదాన్నొకటి మింగేసి, అసలు మాటే మాయం!

దానికి తోడు గోల. మిక్సీ వేస్తే రేడియో బరబరలాడటం మనకు తెలిసిందే. ఫోన్‌ ఛార్జరూ, ఎల్‌ఈడీ బల్బూ తమవంతు రొద చేస్తాయి. బెల్లం మార్కెట్లో వేలంపాట జోరుమీదుండగా పక్కవాడి గుసగుస వినాలంటే ఎంత కష్టమో, ఇదీ అంతే.

జర్మనీలోని కార్ల్స్‌రూహె విశ్వవిద్యాలయ పరిశోధకులు జిమ్మర్‌మన్‌, డోస్టెర్ట్‌ 2002లో దీనికో లెక్క చెప్పారు. సంకేతం వెళ్లే ఒక్కో దారి పొడవెంత, అందులో అదెంత నీరసపడుతుంది, ఎంత ఆలస్యంగా చేరుతుంది... ఇవన్నీ కలిపితే 500 కిలోహెర్ట్జ్‌ నుంచి 20 మెగాహెర్ట్జ్‌ దాకా తీగ నడవడిక కాగితం మీదే తెలిసిపోతుంది. అది తెలిస్తే కబురును చిన్నచిన్న ముక్కలు చేసి, బాగున్న ఫ్రీక్వెన్సీల మీద ఎక్కువ, బాగాలేనివాటి మీద తక్కువ పంపొచ్చు.

కరెంటు కోసం వేసిన తీగకు కబురు అప్పగించాలంటే ముందు దాని గుణం తెలియాలిగా మరి!