వేగానికి వెల – వేడి

149 డాలర్ల చిప్పు 669 డాలర్ల చిప్పుతో సమానంగా పరుగెత్తగలదని 1998లో కొందరు కనిపెట్టారు. కాని ప్రకృతి ఏ పరుగునూ ఉచితంగా ఇవ్వదు.

1998 ఆగస్టు 24న అమెరికాలోని ఇంటెల్ సంస్థ కొన్ని కొత్త ప్రాసెసర్లను విపణిలో ప్రవేశపెట్టింది. వాటిలో సెకనుకు 45 కోట్ల స్పందనల వేగంతో, అంటే 450 మెగాహెర్ట్జ్‌తో, నడిచే పెంటియం-2 ఒకటి. అది సంపన్నుల సరుకు. ధర 669 డాలర్లు. మరొకటి సెలరాన్ 300ఏ. వేగం 300 మెగాహెర్ట్జ్, ధర 149 డాలర్లు. ఇది సామాన్యుల కోసం తయారైనది.

కొద్ది వారాలలోనే ఒక వింత వార్త కంప్యూటర్ ప్రియుల మధ్య గుప్పుమన్నది. చవక చిప్పును మదర్‌బోర్డుపై అమర్చి, దానికి అందే మూల స్పందనను 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మార్చితే చాలు, అది 450 వేగంతో నిక్షేపంగా నడుస్తున్నది! ఈ మార్పుకు వీలులేని బోర్డులు ఉన్నవారు సైతం ఊరుకోలేదు. చిప్పు అంచున ఉండే బి-21 అనే ఒక సన్నని లోహపు స్పర్శను గోళ్ళరంగుతోనో, చిన్న టేపు ముక్కతోనో కప్పివేసేవారు. పాపం, బోర్డు మోసపోయి 100 మెగాహెర్ట్జ్‌నే అందించేది.

తయారీదారు నిర్ణయించిన హద్దును మించి ప్రాసెసర్‌ను పరుగెత్తించే ఈ విద్య పేరు ఓవర్‌క్లాకింగ్. ఇది సెలరాన్‌తో పుట్టినది కాదు. ఐబిఎం సంస్థ 1984లో విడుదల చేసిన ‘ఏటీ’ కంప్యూటర్ 6 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. అందులోని 12 మెగాహెర్ట్జ్ స్ఫటికాన్ని ఊడదీసి 16 మెగాహెర్ట్జ్ స్ఫటికాన్ని పెట్టి, యంత్రాన్ని 8కి చేర్చినవారు ఆనాడే ఉన్నారు. తరువాతి యంత్రాలలో వేగాన్ని తనిఖీ చేసే ఏర్పాటు చేసి ఐబిఎం ఈ దారి మూసివేసింది.

కోలాటంలో లయ

ప్రాసెసర్ లోపల ఏమి జరుగుతుందో తెలియాలంటే కోలాటాన్ని తలచుకుంటే చాలు. తాళం పడిన ప్రతిసారీ ప్రతి ఆటగాడూ తన అడుగు వేసి, కోలలు తాకించి, తరువాతి తాళానికి సిద్ధంగా ఉండాలి. చిప్పులో ఆటగాళ్ళు ట్రాన్సిస్టర్లు. తాళం వేసేది గడియారపు స్పందన. తాళం వేగం పెంచుతూ పోతే, ఎక్కడో ఒకచోట ఒక ఆటగాడు వెనుకబడతాడు. ఆ క్షణాన ‘1’ చేరవలసిన చోట ‘0’ మిగిలిపోతుంది. లెక్క తప్పుతుంది.

వెనుకబడిన ఆటగాడిని తొందరపెట్టే సాధనం వోల్టేజి. దానిని పెంచితే ట్రాన్సిస్టర్ మరింత చురుకుగా స్థితి మారుతుంది. అయితే ఈ సహాయానికి చెల్లించవలసిన మూల్యం చాలా ఎక్కువ. చిప్పు పనిచేసేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్తు వేగానికి అనులోమంగా పెరుగుతుంది. వోల్టేజికి మాత్రం వర్గానుపాతంలో పెరుగుతుంది. వేగం 20 శాతం, వోల్టేజి 10 శాతం పెంచారనుకోండి. 1.2ను 1.1తో రెండుసార్లు గుణిస్తే సుమారు 1.45 వస్తుంది. పని 20 శాతం పెరిగితే వేడి 45 శాతం పెరిగిందన్నమాట! అంతటితోనూ ఆగదు. వేడెక్కిన ట్రాన్సిస్టర్లు పని లేనప్పుడు కూడ విద్యుత్తును జారవిడుస్తాయి. ఆ జారుడు మరింత వేడిని పుట్టిస్తుంది.

ఇస్త్రీపెట్టెకు ఇరవై రెట్లు

2022లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ9-13900కె ప్రాసెసర్ లోపలి సిలికాన్ పలక వైశాల్యం సుమారు రెండున్నర చదరపు సెంటీమీటర్లు. గరిష్ఠంగా అది వాడుకొనే విద్యుత్తు 253 వాట్లు. అంటే ప్రతి చదరపు సెంటీమీటరుకు సుమారు 100 వాట్లు! ఇంట్లోని వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె అడుగుభాగం 200 చదరపు సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే, అక్కడ వచ్చేది 5 వాట్లు మాత్రమే.

ఇంత వేడిని తరలించడానికి చిప్పుపై రాగి, అల్యూమినియం రెక్కల అమరికనో, నీరు ప్రవహించే గొట్టాలనో బిగిస్తారు. రెండు లోహాలు ఎంత నునుపుగా కనిపించినా వాటి మధ్య కంటికి కనరాని గాలి సందులు ఉంటాయి. గాలి వేడిని సరిగా మోయలేదు. అందుకే ఆ సందులను పూడ్చే ఒక లేపనాన్ని పలుచగా రాస్తారు. ఇది ఎండిపోయినా, రాయడం మరచినా, ఎంత ఖరీదైన చల్లార్పు సాధనమైనా నిష్ప్రయోజనమే.

ఇక్కడ మన దేశీయులు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. పంకా అయినా, నీరయినా, చిప్పును గదిలోని గాలికన్న చల్లగా చేయజాలవు. 25 డిగ్రీల గదిలో 80 డిగ్రీలు చూపిన చిప్పు, మే నెలలో 40 డిగ్రీల గదిలో సుమారు 95 చూపుతుంది. అనేక ప్రాసెసర్లకు లక్ష్మణరేఖ 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. శీతల దేశాలవారి అంకెలను ఇక్కడ యథాతథంగా అనుసరించడం సాహసమే.

ఆ రేఖ దాటితే? 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే ప్రచురణ సంస్థ నడుస్తున్న ప్రాసెసర్ల మీదినుంచి చల్లార్పు సాధనాలను ఒక్కసారిగా తొలగించి చూసింది. పెంటియం-4 వేగం తగ్గించుకొని ప్రాణం దక్కించుకున్నది. ఏఎండి వారి అథ్లాన్ చూస్తూండగానే పొగలు చిమ్మి కాలిపోయింది. నేటి ప్రాసెసర్లు మాత్రం హద్దు చేరగానే వేగం తగ్గించుకొంటాయి. తప్పనిసరి అయితే ఆగిపోతాయి.

కనిపించని నష్టం

హఠాత్తుగా కాలిపోవడం నేడు అరుదు. భయపడవలసినవి మరి రెండు ఉన్నాయి.

మొదటిది నిశ్శబ్దంగా జరిగే తప్పు. ఆగిపోయిన యంత్రం తన బలహీనతను తానే ప్రకటిస్తుంది. ఆగకుండా తప్పుడు లెక్క చేసిన యంత్రం అలా కాదు. దాచుకున్న ఫొటోనో, ఖాతా పుస్తకాన్నో చెడగొట్టి, ఏమీ ఎరగనట్లు నడుస్తూనే ఉంటుంది. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2011లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, హద్దు దాటి నడిపిన కంప్యూటర్లు మిగతావాటికన్న గణనీయంగా ఎక్కువసార్లు కుప్పకూలినట్లు తేలింది.

రెండవది అకాల వార్ధక్యం. సన్నని లోహపు తీగలలో ఎలక్ట్రాన్ల ప్రవాహం క్రమంగా లోహపు అణువులనే పక్కకు నెట్టివేస్తుంది. ప్రవాహం, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ తీగ ఆయుర్దాయం తరిగిపోతుంది. అధిక వోల్టేజి ట్రాన్సిస్టర్ల పలుచని పొరలనూ దెబ్బతీస్తుంది.

ఈ హెచ్చరిక ఎంత నిజమో 2024లో తెలిసివచ్చింది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని, సొంతదారులు ఏ మార్పూ చేయకపోయినా, నెలల వాడకం తరువాత తడబడసాగాయి. అధిక వోల్టేజి, ఉష్ణోగ్రతల వల్ల లోపలి గడియారపు వలయం త్వరగా అరిగిపోతున్నదని సంస్థ ప్రకటించింది. వోల్టేజి 1.55 వోల్టులు మించకుండా సవరణ విడుదల చేసి, హామీ కాలాన్ని రెండేళ్ళు పొడిగించింది. అయితే అప్పటికే జరిగిన నష్టాన్ని ఏ సవరణా పూడ్చలేకపోయింది. తయారీదారుకే అంతుపట్టని ఈ సన్నని గీత మీద, ఔత్సాహికుడు ఎంత మెలకువగా నడవాలి!

నిదానమే ప్రధానం

అనుభవజ్ఞులు పాటించే క్రమం కఠినమైనదేమీ కాదు. ఓర్పు మాత్రం కావాలి. ముందుగా ముఖ్యమైన ఫైళ్ళకు వేరొకచోట నకళ్ళు తీస్తారు. ఏ మార్పూ చేయకముందు యంత్రం చూపే ఉష్ణోగ్రతను, వోల్టేజిని రాసుకొంటారు. వేగాన్ని ఒకేసారి కాక 100 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతారు. తడబాటు కనిపించినప్పుడే వోల్టేజిని, అదీ వోల్టులో నూరోవంతు, రెండు నూరోవంతుల చొప్పున తాకుతారు. ఒకేసారి రెండు మార్పులు చేయరు. చేస్తే తప్పు దేనిదో తెలియదు. ప్రతి మెట్టు దగ్గరా పరీక్ష ఉంటుంది. ఇందుకు వాడే ప్రైమ్95 అనే ప్రోగ్రాము నిజానికి భారీ ప్రధాన సంఖ్యల అన్వేషణకై పుట్టింది. ముందే జవాబు తెలిసిన లెక్కలను యంత్రంచేత గంటల తరబడి చేయించి, సరిపోల్చి చూస్తుంది. చివరగా, దొరికిన గరిష్ఠ వేగం దగ్గర ఆగకుండా ఒక మెట్టు కిందికి దిగుతారు.

ఒకే నమూనాకు చెందిన రెండు చిప్పులు ఒకేలా ఉండవు. ఒకటి సునాయాసంగా ఎక్కిన మెట్టు మరొకటి ఎక్కలేకపోవచ్చు. పొరుగువాని అంకె మీకు హామీ కాదు.

రికార్డుల లోకం వేరు. 2011లో ఏఎండి ఎఫ్ఎక్స్ ప్రాసెసర్‌ను ద్రవ హీలియంతో గడ్డకట్టించి 8.429 గిగాహెర్ట్జ్‌కు చేర్చారు. 2022 చివరలో 9 గిగాహెర్ట్జ్ హద్దు కూడ చెరిగిపోయింది. కాని అవి క్షణకాలపు విజయాలు. రోజువారీ పనికి ఉపకరించవు.

సెలరాన్ నాటి యాభై శాతం లాభం నేడు ఎవరికీ దక్కదు. ఆ మిగులును ఇప్పటి చిప్పులు అవసరాన్నిబట్టి తామే వాడుకొని, తామే వేగం పెంచుకొంటున్నాయి. ఔత్సాహికులకు మిగిలేది తరచు కొద్ది శాతమే. అందుకే పలువురు ఇప్పుడు తలకిందుల విద్య అభ్యసిస్తున్నారు: వేగం అలాగే ఉంచి, చిప్పు తట్టుకొన్నంతవరకు వోల్టేజిని తగ్గించడం. ఇందులోనూ అవే పరీక్షలు, అదే ఓర్పు అవసరం. ఫలితంగా వేడి తగ్గుతుంది, పంకా మోత తగ్గుతుంది, కరెంటు ఆదా అవుతుంది. మండువేసవిలో పనిచేసే కంప్యూటర్‌కు అంతకన్న మేలైన చికిత్స అరుదు.